జుట్టు పోలిగాడి వయసు



అమెరికాలో ‘ది సింప్సన్స్’ అని ఒక నవ్వుల కార్టూన్ ఉంది. 1989 డిసెంబరులో టీవీలో మొదలైంది, ఇంకా వస్తూనే ఉంది. అందులో బార్ట్ అనే అల్లరి పిల్లవాడికి మొదటి రోజు పదేళ్లు, ఇవాళా పదేళ్లే. ఆ రోజు వాణ్ని చూసి నవ్విన పదేళ్ల పిల్లలు ఇప్పుడు నలభై అయిదు దాటి, తల నెరిసి, తమ పిల్లల పక్కన కూర్చుని అదే బార్ట్‌ను చూస్తున్నారు. 2018లో ఆ కార్టూన్ ‘గన్‌స్మోక్’ అనే పాత ధారావాహిక పేరు మీదున్న 635 భాగాల లెక్కను దాటిపోయింది. 2025లో మరో నాలుగు సీజన్లకు ఒప్పందం కుదిరింది, అంటే నలభయ్యో సీజను దాకా ఢోకా లేదు. జపాన్‌లో ఇంతకంటే పాతది ఉంది. ‘సజాయె-సాన్’ అనే ఇంటింటి నవ్వుల కథ 1969 అక్టోబరులో మొదలై, ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ఇప్పటికీ వస్తోంది. సజాయెకు గొంతు ఇస్తున్న మిదోరి కతో గారు మొదటి భాగం నుంచీ ఆ పనిలోనే ఉన్నారు.

ఇట్లాంటి ఆట ఎంతకాలం నడుస్తుంది? ఎక్కడ ఆపాలి? ఆ దేశాల్లో ఏళ్ల తరబడి ఇదే వాదన. పాత భాగాలే బాగున్నాయి, కొత్తవి చప్పగా ఉన్నాయి అంటారు కొందరు. చూసేవాళ్లు ఉన్నంతకాలం ఎందుకు ఆపాలి అంటారు ఇంకొందరు. ఈ ప్రశ్న మీద రేడియోలో మాట్లాడతానని నేనే అడిగాను. ఎందుకంటే దీనికి జవాబు వెతకాల్సిన చోట్లలో మన అనంతపురం ఒకటి. మన దగ్గర కూడా బొమ్మలతో ఆడే హాస్యం ఒకటి ఉంది. దానికి టీవీ లేదు, స్టూడియో లేదు. ఏడువందల ఏళ్ల కిందటే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో దాని ప్రస్తావన తెచ్చాడు. తోలుబొమ్మలాట గురించే నేను చెప్పేది. అందులోనూ రాముడి గురించి, రావణుడి గురించి కాదు. మధ్యలో వచ్చి నవ్వించిపోయే జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు, వీళ్ల గురించి.

మాది విడపనకల్లు. అటు గుంతకల్లు, ఇటు ఉరవకొండ, పడమటికి పోతే బళ్లారి. నల్లరేగడి నేల. వాన పడితే మిరప, పత్తి, పప్పుశనగ. పడకపోతే బళ్లారికో బెంగుళూరికో కూలికి పోవడం. జిల్లా మొత్తానికి ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, అది కూడా కురిస్తే. సంతలో నిలబడి చెవి పెడితే ఒకే మాటలో సగం తెలుగు, సగం కన్నడం వినిపిస్తాయి. తెర మీది నవ్వుల మనుషులు కూడా ఇట్లాగే సరిహద్దు తెలియనివాళ్లు. తెలుగు ఆటలో జుట్టు పోలిగాడు ఉంటే, బళ్లారి వైపు తొగలు గొంబెయాటలో కిళ్లేక్యాత ఉంటాడు. బంగారక్క మాత్రం రెండు వైపులా బంగారక్కే. మా ప్రాంతంలో పెద్దవాళ్లు ఆటను తెలుగులో చూశామా కన్నడంలో చూశామా అని పెద్దగా పట్టించుకోలేదు. బంగారక్క నోరు విప్పితే చాలు.

వాన మొహం చాటేసిన ఏడు ఊరు ఊరంతా చందాలు వేసుకుని బొమ్మలాటవాళ్లను పిలిపించేది. విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందని నమ్మకం. చూడండి ఎట్లాంటి ఏర్పాటో. గింజ లేని ఏడు, పశువుకు మేత లేని ఏడు, ఊరు ఒక చోట కూడి రాత్రంతా బొమ్మలాట చూసేది, ఆ చూడడంలో సగం సేపు నవ్వేది. కరువు మీద మన పెద్దలు పెట్టిన ఖర్చు అది. దాన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటలో కొట్టేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. వాన సంగతి దేవుడెరుగు. ఎవరి ఇంట్లో వాళ్లు మూలకు చేరి కుమిలిపోయే కాలంలో ఊరంతా ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం చిన్న సంగతి కాదు.

ఆట ఎట్లా ఉంటుందో ఇప్పటి పిల్లలకు తెలియదు గనక కొంచెం వివరంగా చెబుతాను. నాలుగు గుంజలు పాతి, ముందువైపు తెల్లటి పంచెలో చీరలో బిగించి కట్టి తెర చేస్తారు. వెనక దీపం. మొదట్లో ఆముదం దీపాలు, తరువాత పెట్రోమాక్సు లైట్లు, ఇప్పుడు కరెంటు బల్బులు. బొమ్మలు ఎక్కువగా మేక తోలువి. తోలు శుభ్రం చేసి, వెలుతురు దూరేటంత పలచగా గీకి, ఉలితో రంధ్రాలు కొట్టి నగలు తీర్చి, రెండు వైపులా రంగు వేస్తారు. పెద్ద బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. మధ్యలో నిలువునా ఒక పుల్ల, చేతులకు ఒక్కో పుల్ల. తెర వెనక హార్మోనియం, మృదంగం, తాళాలు. ఆడించేవాళ్ల కాళ్లకు గజ్జెలు. యుద్ధం వచ్చిందంటే కింద పరిచిన చెక్కల మీద కాళ్లతో దబదబా తొక్కుతారు, ముందు కూర్చున్న పిల్లలు ఉలిక్కిపడతారు. సీతకు, బంగారక్కకు గొంతు ఇచ్చేది ఆ ఇంటి ఆడవాళ్లే. చాలా ఊళ్లలో ఆడవాళ్లు వేదిక ఎక్కడమే తప్పనే రోజుల్లో తెర వెనక ఆ తల్లులు పాడుతూ, తిడుతూ, నవ్విస్తూ తమ పని తాము చేసుకుపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. రాముడి బొమ్మ మాట్లాడే మాట ఎప్పుడో కట్టిన మాట. రంగనాథ రామాయణం ద్విపదలు ఆ కుటుంబాలకు నోటికి వస్తాయి. తాత పాడింది తండ్రి, తండ్రి పాడింది కొడుకు. రాముడు విడపనకల్లులో ఏ మాట అన్నాడో గుత్తిలోనూ అదే అంటాడు, పెనుకొండలోనూ అదే అంటాడు. జుట్టు పోలిగాడికి మాత్రం కట్టిన మాట లేదు. తగవు ఎట్లా మొదలు కావాలి, బంగారక్క ఎప్పుడు రావాలి, కేతిగాడు ఎక్కడ దూరాలి అనే ఒరవడి ఉంటుంది. అందులో పోసే మాట ఆ రాత్రిదే, ఆ ఊరిదే. పొద్దున బృందం ఊళ్లో దిగింది మొదలు టీ కొట్టు దగ్గర, బావి దగ్గర, రచ్చకట్ట మీద ఏం వినిపిస్తే అది రాత్రికి పోలిగాడి నోట్లో ఉంటుంది.

చెరువు ఎండిపోయిన ఏడు విన్నది ఒకటి నేను మరిచిపోలేదు. పోలిగాడు తెర మీదికి వచ్చి, చేతులు ఊపుకుంటూ అటూ ఇటూ వెతికి, “ఏమే బంగారీ, ఈ ఊర్లో పెద్ద చెరువుందంట, యాడుందే?” అని అడిగాడు. బంగారక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని, “కండ్లు పోయినాయా నీకు? నువ్వు నిలబడిండేది దాంట్లోనే కదరా!” అనింది. ఆట పెట్టింది నిజంగానే చెరువు లోపలి బయలులో. జనం ఒక్క క్షణం ఆగి, కింద మట్టి చూసుకుని, అప్పుడు నవ్వారు. ఆ నవ్వును ఇంకో ఊరికి తీసుకుపోలేరు. మరుసటి రాత్రి ఆ బృందం ఇంకేదో కొత్తగా కనుక్కుని ఉంటుంది.

ఈ బొమ్మలాట కుటుంబాల్లో చాలామందికి ఇంట్లో మాట మరాఠీ. వాళ్ల పెద్దలు మహారాష్ట్రం వైపు నుంచి వచ్చినవాళ్లు. తెర మీద మాత్రం నిక్కమైన తెలుగు, అందులోనూ ఆ పరగణా యాస. ఊరికి పరాయివాళ్లు, భాషకు పరాయివాళ్లు, ఊరి గుట్టు ఊరికంటే బాగా పట్టుకున్నారు. కారణం ఒకటే, వాళ్లు విన్నారు. నవ్వించాలంటే ముందు చెవి కావాలి. అందుకే నాకు తోచిన జవాబు ఇది: బొమ్మల హాస్యం ఎంతకాలం నడుస్తుందనేది బొమ్మ మీద ఆధారపడదు, తెర వెనక మనిషి తెర ముందు మనిషిని ఎంతకాలం వింటాడనే దాని మీద ఆధారపడుతుంది.

మనుషులు నటించే హాస్యంతో పోల్చి చూస్తే బొమ్మకు ఉన్న వెసులుబాటు తెలుస్తుంది. మీలో చాలామంది జెమినీ టీవీలో ‘అమృతం’ చూసి ఉంటారు. గుణ్ణం గంగరాజు గారి సృష్టి. 2001 నవంబరులో మొదలై 2007 నవంబరులో 313 భాగాలతో ఆగింది. అంత మంచి హాస్యం తెలుగు టీవీలో తక్కువ. ఆ ఆరేళ్లలోనే అమృతరావు పాత్ర శివాజీరాజా నుంచి నరేశ్‌కు, నరేశ్ నుంచి హర్షవర్ధన్‌కు మారింది. ఆంజనేయులుగా మాత్రం గుండు హనుమంతరావు గారే ఉన్నారు. 2018లో ఆయన పోయారు. 2020లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు ఎల్.బి. శ్రీరామ్ గారు ఆ పాత్ర వేశారు, బాగా చేశారు కూడా. అయినా చూసేవాళ్ల కండ్లు పాత ఆంజనేయులును వెతుక్కున్నాయి. మనిషి ముఖంతో ముడిపడిన హాస్యానికి ఆ ఇబ్బంది తప్పదు. బొమ్మకు అది లేదు. జుట్టు పోలిగాడి నడినెత్తి పిలక తాతగారి కాలంలో ఎట్లా నిలబడి ఉందో మనవడి కాలంలోనూ అట్లాగే నిలబడి ఉంటుంది.

కానీ గొంతు ముసలిది అవుతుంది. సింప్సన్స్‌లో స్కూలు టీచరుకు గొంతు ఇచ్చిన మార్సియా వాలెస్ గారు 2013లో చనిపోతే, ఆ టీచరమ్మ పాత్రనే విరమించారు, ఇంకొకరి చేత పలికించలేదు. గౌరవంతో చేసిన పని. తోలుబొమ్మలాటలో అట్లా కాదు. తండ్రికి దగ్గు వచ్చి గొంతు పోతే కొడుకు అందుకుంటాడు. తల్లి పక్కన కూర్చుని తాళం వేసిన పిల్ల పెద్దయ్యి బంగారక్క అవుతుంది. గొంతు మారినట్టు తెర ముందువాళ్లకు తెలుస్తుంది, ఎవరూ బాధపడరు. ఒక కుటుంబం ఒక పాత్రను తరాలుగా బతికించుకున్న పద్ధతి అది.

హైదరాబాదుకు వద్దాం. మన తెలుగువాడు రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తయారుచేసిన ‘ఛోటా భీమ్’ 2008 ఏప్రిల్‌లో పోగో చానల్లో మొదలైంది. ఢోలక్‌పూర్ అనే ఊరు, తొమ్మిదేళ్ల భీముడు, లడ్డు తింటే బలం, చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి, కాలియా, టున్‌టున్ మౌసి. మా ఊళ్లో అయిదేళ్ల పిల్లవాణ్ని అడిగినా ఈ పేర్లన్నీ వరసగా చెబుతాడు. 2008లో అయిదేళ్లున్న పిల్లలు ఇప్పుడు ఇరవై దాటారు, భీముడు మాత్రం కదలలేదు. ఇందులో వ్యాపారం ఉన్నా నేను తప్పు పట్టను. పిల్లల కార్టూన్‌కు ఒక అదృష్టం ఉంది. దానికి ముసలితనం రావాల్సిన పని లేదు, ఎందుకంటే ఏటేటా కొత్తగా నాలుగేళ్ల పిల్లలు వస్తారు. వాళ్లకు అంతా మొదటిసారే. పాత భాగం మళ్లీ వేసినా కొత్తదే. పెద్దలను నవ్వించే ఆటకు ఆ అదృష్టం లేదు. పెద్దవాడు నిన్నటి మాట గుర్తుపెట్టుకుంటాడు.

ఇంకొక సంగతి కూడా నాకు సంతోషం కలిగిస్తుంది. వాన కోసం ఆడించిన విరాటపర్వంలో వలలుడి వేషంలో వంట చేస్తూ, కీచకుణ్ని మట్టుపెట్టే భీముడు, హైదరాబాదు స్టూడియోలో లడ్డు తినే భీముడు ఒకే తిండిపోతు, ఒకే బలశాలి. ఈ నేల మీద పిల్లలకు నచ్చే బొమ్మ ఏదో తోలు చెక్కినవాళ్లకూ తెలిసింది, కంప్యూటరు మీద గీసినవాళ్లకూ తెలిసింది. అయితే ఢోలక్‌పూర్‌లో చెరువు ఎండిపోయిందా లేదా అని భీముడు ఎవర్నీ అడగడు. ఆ ఊరు అన్ని ఊళ్లదీ అయినందువల్ల ఏ ఊరిదీ కాకుండా పోయింది. తెలుగు గొంతుతో వినిపించినా ఆ తెలుగు ఎక్కడా మాట్లాడే తెలుగు కాదు. ఖుషీ టీవీ లాంటి పిల్లల చానళ్లలో మిగతా డబ్బింగు కార్టూన్లు విన్నా అంతే. ఎండిన బోరు, కరెంటు కోత, శనివారం సంత, బళ్లారి బస్సు ఇవేవీ ఆ బొమ్మలకు తెలియవు. మా పిల్లలు ఆ తెలుగు నేర్చుకుని ఇంట్లో మాట్లాడుతుంటే అవ్వలు ముచ్చటపడతారు. నాకు దిగులు. ఎందుకంటే మా యాసలో ఒక కార్టూన్ పిల్లవాడు మాట్లాడడం వాళ్లు ఇంతవరకూ వినలేదు. టీవీలో సీమ యాస వినిపిస్తే అది కత్తి పట్టుకున్నవాడి నోట్లోనే వినిపిస్తోంది. నవ్వించే నోట్లో ఎందుకు వినిపించకూడదు?

వినడం ఆగిపోతే ఏమవుతుందో సింప్సన్స్‌కే ఒక అనుభవం ఉంది. దాన్ని నిలదీసింది మన తెలుగువాడే గనక చెప్పి తీరాలి. 1990 నుంచి ఆ కార్టూన్‌లో అపు అనే భారతీయ దుకాణదారు ఉన్నాడు. అతనికి గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. భారతీయుడు ఇట్లా మాట్లాడతాడు అని ఒక యాస సాగదీసి పలికేవాడు. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలు బడికి పోతే తోటి పిల్లలు ఆ గొంతుతోనే వెక్కిరించేవాళ్లు. అట్లా పెరిగినవాళ్లలో ఒకడు హరి కొండబోలు. తల్లిదండ్రులు ఆంధ్రదేశం నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. అతను న్యూయార్క్‌లో పుట్టి, జనం ముందు నిలబడి నవ్వించడమే వృత్తిగా పెట్టుకున్నాడు. 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అని ఒక డాక్యుమెంటరీ తీశాడు. ఆ కార్టూన్ మీద అతనికి ద్వేషం లేదు, దాన్ని చూసి నవ్వుతూ పెరిగినవాడే. తను ప్రేమించిన ఆటలో తన తల్లిదండ్రులను ఎందుకు ఇట్లా చూపారని అడిగాడు, అంతే.

2018లో సింప్సన్స్ ఒక భాగంలో దీనికి జవాబు ఇచ్చింది. ఒకప్పుడు అందరూ చప్పట్లు కొట్టిన విషయం ఇప్పుడు తప్పయింది, ఏం చేస్తాం అన్న ధోరణి అది. చాలామందికి రుచించలేదు. తరువాత 2020లో అజారియా ఆ గొంతు ఇక ఇవ్వనన్నాడు. తెల్లవాళ్లు కాని పాత్రలకు తెల్ల నటులు గొంతు ఇవ్వరని ఆ ఏడే నిర్ణయించారు. అజారియా ఆ తరువాత క్షమాపణ కూడా చెప్పాడు. పదిమంది మంచివాళ్లు, తెలివైనవాళ్లు కూర్చుని రాసే ఆటలో ఈ పొరపాటు ముప్పై ఏళ్లు ఎందుకు నడిచింది? ఒక భాగం తయారు కావడానికి నెలలు పడుతుంది, చూసేవాడు ఎక్కడో ఉంటాడు, అతని ముఖం ముడుచుకున్నది రాసేవాడికి కనిపించదు. అదే దేశంలో 1997 నుంచి నడుస్తున్న ‘సౌత్ పార్క్’ వాళ్లు ఒక భాగాన్ని ఆరు రోజుల్లో తయారుచేయడం అలవాటు చేసుకున్నారు. ఆ వారం మాట ఆ వారమే చెప్పాలని వాళ్ల పట్టుదల. బొమ్మలాటవాళ్లకు అంత గడువు కూడా అక్కర్లేదు. పొద్దున విన్నది రాత్రికి సిద్ధం.

మన ఆట అంతా గొప్పదే అని నేను చెప్పడం లేదు. పోలిగాడు బంగారక్కను కొట్టినప్పుడు జనం నవ్వేవాళ్లు. నల్లటి ఒళ్లు చూసి, పెద్ద పొట్ట చూసి, ఒక కులం వాడి మాట తీరు చూసి నవ్వే హాస్యం అందులో చాలా ఉండేది. కొన్ని మాటలు వినలేక ఆడవాళ్లు లేచిపోయేవాళ్లు. హరి కొండబోలు అమెరికాలో అడిగిన ప్రశ్న మన రచ్చకట్ట మీద కూడా ఎవరో ఒకరు అడగాల్సిందే. కాకపోతే ఇక్కడ మార్చడానికి దారి దగ్గరగా ఉంది. కట్టిన మాట కాదు గనక మానేయడానికి అడ్డం లేదు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు నవ్వకపోతే తెర వెనక బంగారక్కకు గొంతు ఇచ్చే ఆమెకు ఆ క్షణమే తెలుస్తుంది. మాట తిప్పేస్తుంది. మరుసటి ఊరికి బంగారక్క తిరిగి కొట్టడం మొదలుపెడుతుంది, ఆ నవ్వు ఇంకా పెద్దది. ఒక ఆట ఇన్ని తరాలు నిలబడిందంటే ఇట్లాంటి సర్దుబాట్లు ఎన్ని జరిగి ఉంటాయో ఊహించండి.

మరి అంత బలమున్న ఆట ఇప్పుడు ఎక్కడుంది?

ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మనకు పరాయిది కాదు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బళ్లారి దాటితే కొప్పళ జిల్లా మోరనాళకు చెందిన భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్లేక్యాతర గారికి 2025లో, తొంభై ఆరేళ్ల వయసులో పద్మశ్రీ వచ్చింది. చిన్నతనం నుంచీ తెర వెనక ఉన్న తల్లి ఆమె. మన తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా 2008లో వచ్చింది. గౌరవం దక్కింది, సంతోషం.

అయితే ఆ గుర్తింపు ఎక్కువగా దేనికి ఉపయోగపడుతోందో చూడండి. నిమ్మలకుంట ఇళ్లలో ఇవాళ ఉలి చప్పుడు వినిపిస్తుంది. చెక్కేది దీపాల మీద కప్పే బుట్టలు, గోడకు వేలాడదీసే బొమ్మలు. హైదరాబాదు, బెంగుళూరు, ఢిల్లీ ఎగ్జిబిషన్లలో అమ్ముడుపోతాయి. ఆ రంగు, ఆ రంధ్రాల పని ఎక్కడా తగ్గలేదు. ఆ కుటుంబాలకు అన్నం పెడుతున్నది ఆ బుట్టలే, కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడే అధికారం ఎవరికీ లేదు. చేతి పని బతికింది. నోటి పనికే కూలి దొరకడం లేదు. దీపం మీద కప్పే బుట్ట మీద హనుమంతుడు బాగుంటాడు, నెమలి బాగుంటుంది, జీవవృక్షం బాగుంటుంది. జుట్టు పోలిగాణ్ని ఎవరు కొంటారు? వాడు ఊరికే చూస్తే అందగాడు కాదు. వాడి అందమంతా వాడి మాటలో ఉంది, మాట్లాడాలంటే ఒక రాత్రి కావాలి, ఎదురుగా ఒక ఊరు కావాలి.

ఆట దొరికిన చోట కూడా వాడికి చోటు తగ్గింది. నగరంలో సభ పెట్టి బొమ్మలాట ప్రదర్శన అంటే అరగంట, ముప్పావుగంట. అందులో లంకాదహనం కావాలి, ఎందుకంటే మంట బాగుంటుంది, ఫోటో బాగా వస్తుంది. ప్రభుత్వ ప్రచారానికి పిలిస్తే ఆరోగ్యం గురించో మరుగుదొడ్ల గురించో రాసిచ్చిన మాటలు చెప్పాలి. రాసిచ్చిన మాట పోలిగాడి నోట్లో పెడితే వాడు రాముడికంటే బిగుసుకుపోతాడు. నవ్వుల బొమ్మకు అసలైన చావు అది. టీవీ వచ్చి చంపింది, సినిమా వచ్చి చంపింది అని మనం తేలికగా అనేస్తాం. టీవీ వచ్చాక కూడా నవ్వు కోసం ఆకలి తగ్గలేదు, చూస్తూనే ఉన్నాం కదా. ఊరి మాట ఊరికే తిరిగి వినిపించే రాత్రులు పోయాయి. ఆ ఇళ్ల పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు పోతున్నారు, పోవాల్సిందే. అయితే గొంతు ఇంటిలోనే చేతులు మారే ఏర్పాటు దాంతో తెగింది. దాన్ని ఇంకో విధంగా కట్టుకోవాలి.

కట్టుకోవచ్చని నా నమ్మకం. బళ్లారికి చెందిన బెళగల్లు వీరణ్ణ గారు గాంధీజీ జీవితాన్ని తోలుబొమ్మలతో ఆడించారు. 2023లో కన్నుమూసేదాకా ఆయన బొమ్మను వదల్లేదు. కొత్త కథకు పాత తోలు అడ్డం రాలేదు. అట్లాగే హైదరాబాదులో కార్టూన్లు తీసే కుర్రవాళ్లకు నేను చెప్పేది: మీకు పాత్రలు సిద్ధంగా ఉన్నాయి. ముసలితనం లేదు, తరాల పరీక్షలో నెగ్గినవాళ్లు. బంగారక్కను తీసుకోండి. ఆమెకు సీమ మాట ఇవ్వండి. రాసేవాణ్ని స్టూడియోలో కూర్చోబెట్టకుండా నెలకొకసారి ఒక ఊరికి పంపండి. భాగం చిన్నది చేయండి. జపాన్‌లో సజాయె-సాన్ అరగంటలో మూడు చిన్న కథలు చెబుతుంది, పండుగ వస్తే పండుగ కథ, ఎండలు వస్తే ఎండల కథ. యాభై ఏళ్లు దాటినా చూస్తున్నారంటే ఆ క్లుప్తత, ఆ ఋతువుల లెక్క కారణం. మనకూ ఏరువాక ఉంది, ఉగాది ఉంది, పీర్ల పండుగ ఉంది, బోరు ఎండిపోయే ఏప్రిల్ ఉంది. కథలకు కొరత లేదు.

చివరిగా ఊరి పెద్దలతో, జాతర కమిటీల వాళ్లతో ఒక మాట. ఉండబండలో గానీ, పాల్తూరులో గానీ, గడేకల్లులో గానీ, హావళిగిలో గానీ తేరు రోజు ఆర్కెస్ట్రాకు పెట్టే డబ్బులో కొంత తీసి ఈ ఏడు బొమ్మలాట కుదుర్చుకోండి. కుదుర్చుకునేటప్పుడు అరగంట ఆట వద్దని చెప్పండి, రాత్రి పదికి మొదలుపెట్టి ఓపికున్నంతసేపు ఆడమనండి. ఏ మాట చెప్పాలో రాసివ్వకండి. మీ మీద, సర్పంచి మీద, కమిటీ మీద విసుర్లు పడితే ముందు వరసలో కూర్చుని నవ్వండి. ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది: బృందాన్ని రెండు రోజులు ముందే రమ్మనండి. ఊళ్లో ఉండడానికి ఒక ఇల్లు, రెండు పూటలా భోజనం ఏర్పాటు చేయండి, ఆ రెండు రోజుల కూలి కూడా లెక్కలో కలపండి. బస్టాండు దగ్గర టీ కొట్టులో కూర్చోనివ్వండి. ఎగువ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారని జనం అనుకుంటున్నారో, మిరపకాయలు క్వింటాలు ఏ రేటుకు అడుగుతున్నారో, ఎవరి బోరు ఎన్ని అడుగులు పోయి ఎండిందో, ఇన్సూరెన్సు డబ్బు ఎవరి ఖాతాలో పడి ఎవరి ఖాతాలో పడలేదో వాళ్లను విననివ్వండి. ఆడవాళ్లు నీళ్ల ట్యాంకు దగ్గర ఏం మాట్లాడుకుంటున్నారో ఆ ఇంటి ఆడవాళ్లు వినాలి, అది మాత్రం మరవకండి. బంగారక్కకు కావాల్సిన సరుకంతా అక్కడే ఉంది.